బిళ్ల ఉంటే కళాకారుడు, లేకపోతే దేశదిమ్మరి: మధ్యయుగపు మిన్‌స్ట్రెల్ అసలు కథ

ఈమధ్య ఏ ఫాంటసీ వెబ్ సిరీస్ చూసినా, ఏ వీడియో గేమ్ తెరిచినా ఒక పాటగాడు తగులుతున్నాడు. ఈక పెట్టిన టోపీ, భుజాన లూట్ అనే తంతివాద్యం, జేబులో చిల్లిగవ్వ లేదు. ఊరూరా తిరుగుతాడు, పూటకూళ్ల ఇంట్లో నాలుగు పాటలు పాడి ఆ పూట గడుపుకుంటాడు, తెల్లారేసరికి ఇంకో ఊరు. అమెరికాలో ఉన్న మనవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లే రెనైసాన్స్ ఫెయిర్లలోనూ ఇదే వేషం. ఇతన్ని ఒకరు బార్డ్ అంటారు, ఒకరు ట్రూబదూర్ అంటారు, ఇంకొకరు మిన్‌స్ట్రెల్ అంటారు. మూడూ ఒకటేననుకుని మనం సినిమాలో పడిపోతాం.

ఆ బొమ్మలో కొంత నిజం లేకపోలేదు. అయితే 12వ శతాబ్దం నుంచి 16వ శతాబ్దం దాకా పశ్చిమ యూరప్‌లో మిగిలిన జమాఖర్చు పుస్తకాలు, చట్టాలు, సంఘాల కట్టుబాట్లు తిరగేస్తే మిన్‌స్ట్రెల్ రెండు రకాలుగా కనబడతాడు. ఒక కాగితంలో రాజుగారి దగ్గర రోజుకూలీ తీసుకునే ఉద్యోగి. ఇంకో కాగితంలో చెవికి వాత పెట్టాల్సిన నేరస్తుడు. ఇద్దరిదీ ఒకే వృత్తి, ఇద్దరి చేతిలోనూ అదే హార్ప్. ఈ తేడా ఎక్కడ పుట్టిందో తెలిస్తే మిగతా చిక్కుముళ్లు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

ఎవరు ట్రూబదూర్, ఎవరు మిన్‌స్ట్రెల్

ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం.

ట్రూబదూర్ అంటే అన్నిటికంటే ముందు కవి. దక్షిణ ఫ్రాన్స్‌లో, ఆక్సిటన్ భాషలో, సుమారు 1100 నుంచి 1300 వరకు పాటలు కట్టినవాడు. పాటలు మనదాకా వచ్చినవాళ్లలో మొదటివాడు అక్విటేన్ డ్యూక్ తొమ్మిదో గియోమ్ (1071–1126). ఫ్రాన్స్ రాజు నేరుగా ఏలుకునే నేల కంటే ఈయన సీమే పెద్దది. పూట గడవడానికి పాడాల్సిన మనిషి కాడు. అందరూ ఇంత దొరలు కారు, పేదింటి నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆడవాళ్లూ ఉన్నారు, వాళ్లలో దియా కౌంటెస్ అనే ఆమె పాట ఒకటి రాగంతో సహా దక్కింది. మొత్తం దక్కినవి సుమారు 2,500 పాటలు, వాటిలో స్వరాలు తెలిసినవి పదోవంతు. ఇలాంటి కవుల్నే ఉత్తర ఫ్రాన్స్‌లో ట్రూవేర్లు అన్నారు, జర్మన్ నేలలో మిన్నెసింగర్లు అన్నారు.

జోంగ్లర్ అంటే ప్రదర్శన ఇచ్చేవాడు. కవి కట్టిన పాట పాడేవాడు, వీరగాథలు వినిపించేవాడు, కమానుతో వియెల్ వాయించేవాడు, పిల్లిమొగ్గలు వేసేవాడు, కత్తులు ఎగరేసి పట్టేవాడు, కోతినీ ఎలుగునూ ఆడించేవాడు, అందరూ ఈ ఒక్క మాటలోనే ఇమిడిపోయారు.

మిన్‌స్ట్రెల్ అన్న మాట 13, 14 శతాబ్దాల్లో బాగా ముందుకొచ్చింది. మొదట్లో అది పెద్దింటి కొలువులో ఉన్న మనిషికి పేరు. పోనుపోను వృత్తిగా వాయించేవాళ్లందరికీ అదే అయింది. వెయిట్ అంటే పట్టణం జీతం ఇచ్చి పెట్టుకున్న వాయిద్యగాడు. రాత్రి కాపలా తిరుగుతూ షాం ఊదేవాడు. షాం మన సన్నాయి జాతిదే. ఇక బార్డ్ అన్నది వేల్స్, ఐర్లండ్‌ల సంగతి. అక్కడ ఏళ్ల తరబడి ఛందస్సు, వంశావళులు నేర్చుకున్న పండితకవి అతను. లూట్ పట్టుకుని సత్రంలో పాడేవాణ్ని బార్డ్ అంటే వేల్స్‌లో ఆనాటి కవి ఒప్పుకునేవాడు కాడు.

మనకే కాదు, ఆ రోజుల్లోనూ ఈ పేర్లు టెన్షన్ పెట్టాయి. 1274లో గిరో రిక్యే అనే ట్రూబదూర్ స్పెయిన్‌లోని కాస్టీల్ రాజు పదో అల్ఫోన్సోకి పద్యరూపంలో ఒక అర్జీ పెట్టుకున్నాడు. కోతిని ఆడించేవాణ్నీ, వీధిలో బొమ్మలాట ఆడేవాణ్నీ, నాలాంటి కవినీ ఒకే గాటన కట్టి అందరినీ జోంగ్లర్లు అంటున్నారు, ఇది అన్యాయం, ఎవరి పేరు వాళ్లకు ఇప్పించండి అని. మరుసటి ఏడాది జవాబు కూడా పద్యంలోనే, రాజు పేరుతోనే వచ్చింది. గంతులు, కోతులు, బొమ్మల వాళ్లు బఫూన్లు. మర్యాదస్తుల ముందు వాయించి ఇతరుల పాటలు పాడేవాళ్లు జోంగ్లర్లు. పాట కట్టేవాళ్లు ట్రూబదూర్లు. వాళ్లలో మేటివాళ్లకు ఆచార్యులన్న బిరుదు. జవాబు రాసింది కూడా రిక్యేనే అయ్యుంటాడని చాలామంది పండితుల అనుమానం. ఎవరు రాసినా లోకం దాన్ని పట్టించుకున్న దాఖలా లేదు. ఆ తర్వాతి ఖాతాల్లోనూ ఈ మాటలు ఇష్టం వచ్చినట్టు కలిసిపోయే ఉంటాయి. కాబట్టి ఒక పాత కాగితంలో మిన్‌స్ట్రెల్ అని కనబడగానే సంగీతకారుడే అనుకోకూడదు, గారడీవాడూ కావచ్చు.

1306 పెంతెకొస్తు పండగ: ఒక జీతాల పట్టీ

ఈ విషయం మీద మన దగ్గరున్న కాగితాల్లో నాకు అన్నిటికంటే ముచ్చటైనది ఒక చెల్లింపుల జాబితా. 1306 మే 22, పెంతెకొస్తు ఆదివారం. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ తన కొడుక్కీ, అతనితోపాటు 250 మందికి పైగా యువకులకూ వెస్ట్‌మినిస్టర్‌లో నైట్ అనే వీరయోధుడి పట్టం కట్టే వేడుక జరిపాడు. విందు మధ్యలో రెండు హంసల్ని తెచ్చిపెడితే, వాటి మీద ప్రమాణం చేసి స్కాట్లండ్ రాజుగా పట్టం కట్టుకున్న రాబర్ట్ బ్రూస్ మీద పగ తీర్చుకుంటానని శపథం చేశాడు. ఆ రోజు ఎవరెవరు వాయించారో, ఎవరికి ఎంత ముట్టిందో రాజుగారి గుమాస్తాలు రాసిపెట్టారు.

నూరుమందికి పైగా ఉన్నారు. అందరికంటే ఎక్కువమంది హార్ప్ వాయించేవాళ్లు. తర్వాత బాకాలు ఊదేవాళ్లు, వియెల్ వాళ్లు, డోళ్లవాళ్లు. ఒక కౌంటెస్ గారి దగ్గర ఆర్గన్ వాయించే చిట్టి విలియం ఉన్నాడు. అబద్ధాల రెజినాల్డ్ అని ఒకడు. కంట్లో ముత్యం అని ఇంకొకడు. అప్పటి వాడుకలో అది మనం కంటిలో పువ్వు అనే జబ్బు పేరు, అంటే ఆ వాయిద్యగాడికి ఒక కన్ను సరిగ్గా కనబడేది కాదేమో. మటిల్డా మేక్‌జాయ్ అనే ఆమె ఉంది, మొగ్గలు వేసి ఆడే మనిషి. ఇంటిపేరే సంతోషం కలిగించేది అని పెట్టుకుందంటే అది రంగస్థలం పేరే అయ్యుండాలి.

జాబితాలో అందరికంటే పైన అయిదుగురు రాజులు. నిజం రాజులు కారు, మిన్‌స్ట్రెళ్ల రాజులు. మిగతావాళ్లను పోగుచేసి, వరస ప్రకారం నిలబెట్టి, డబ్బు పంచే మేస్త్రీలన్నమాట. పోటీల్లో నైట్ల పేర్లు ప్రకటించే హెరాల్డులకూ వీళ్లకూ అప్పటికింకా పూర్తిగా వేరు కుంపట్లు పడలేదు. ఒక్కో రాజుకు 5 మార్కులు ముట్టాయి.

అది ఎంత డబ్బు? ఒక పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. మార్కు అన్నది నాణెం కాదు, లెక్కకోసం వాడే కొలత. ఒక మార్కుకు 160 పెన్నీలు. అంటే 5 మార్కులు 800 పెన్నీలు. ఆ కాలంలో ఇంగ్లండ్‌లో మామూలు కూలీకి రోజుకు సుమారు 2 పెన్నీలు గిట్టేవి, అదీ పని దొరికిన రోజున. పండగలూ ఆదివారాలూ తీసేస్తే ఏడాదికి 250 పనిదినాలు అనుకుందాం. అప్పుడు ఆ మిన్‌స్ట్రెళ్ల రాజు ఒక్క పండక్కి అందుకున్నది కూలివాడి ఏడాదిన్నర సంపాదన. జాబితా కిందికి వెళ్లేకొద్దీ అంకెలు చిక్కిపోతాయి. చివరికి వచ్చేసరికి షిల్లింగుల్లోకి దిగుతాయి. ఒకే రోజు, ఒకే హాలు, ఒకే వృత్తి. పైవాడికీ కిందివాడికీ మధ్య ఇంత దూరం. మిన్‌స్ట్రెల్ పేదవాడా, ధనవంతుడా అన్న ప్రశ్నకు ఈ పట్టీ ఒక్కటే చాలు: ఏ వరసలో వాడు అని తిరిగి అడగాలి.

జీతం ఉన్నవాడు ఎందుకు తిరిగాడు

ఇక్కడే చాలామంది పొరబడతారు. కొలువులో ఉన్నవాడు ఒకచోట కూర్చుంటాడు, కొలువు లేనివాడు తిరుగుతాడు అనుకుంటారు. ఖాతాలు చెప్పేది వేరు. కొలువులో ఉన్నవాళ్లు కూడా ఏడాదిలో చాలా భాగం రోడ్డు మీదే ఉండేవాళ్లు.

నాలుగో ఎడ్వర్డ్ ఇంటి నిర్వహణ కోసం 1470 ప్రాంతంలో తయారైన నిబంధనల పుస్తకం చూస్తే ఎందుకో అర్థమవుతుంది. అందులో రాజుగారికి 13 మంది మిన్‌స్ట్రెళ్లు. కొందరు ఎప్పుడూ కొలువులో ఉండాలి, మిగతావాళ్లు ఏడాదిలో వచ్చే పెద్ద పండగలకు వస్తే చాలు, పండగ కాగానే వెళ్లిపోవాలి. కొలువులో ఉన్న రోజుకు నాలుగున్నర పెన్నీలు. అప్పటికి కూలి రేట్లు పెరిగి మామూలు కూలికే దాదాపు 4 పెన్నీలు గిడుతున్నాయి. తిండీ బట్టా రాజుగారివే అయినా, ఆ జీతంతో సంసారం లాగడం కష్టం. పైగా మిగతా రోజుల సంగతి?

దానికి సమాధానం దొర పేరే. మిన్‌స్ట్రెల్ దొరగారి రంగుల దుస్తులు వేసుకుని, దొర ఇంటి గుర్తున్న బిళ్ల తగిలించుకుని బయల్దేరేవాడు. దారిలో ఉన్న మఠాలు, పట్టణాలు, ఇతర దొరల ఇళ్లు అతనికి మజిలీలు. పట్టణపు ఖాతాలో గుమాస్తా ఆ వాయిద్యగాడి పేరు రాయడు. ఫలానా ప్రభువు గారి మిన్‌స్ట్రెళ్లకు ఇంత అని రాస్తాడు. మన కలెక్టరాఫీసు బిళ్ల బంట్రోతు ఊళ్లోకి వస్తే మర్యాద మనిషికి కాక బిళ్లకు జరిగినట్టే. ఇచ్చే సంభావన కూడా పాట బాగుందా లేదా అన్నదాన్ని బట్టి కాక, ఆ ప్రభువుకు కోపం వస్తే మనకెంత నష్టం అన్న లెక్కతో ఉండేది. అదే నిబంధనల పుస్తకంలో ఒక హెచ్చరిక ఉంది: రాజుగారి మిన్‌స్ట్రెళ్లు మరీ చొరవగా దొరల దగ్గర బహుమతులు అడగడం రాజుకు ఇష్టం లేదు అని. అడిగేవాళ్లు కాబట్టే ఆ మాట రాయాల్సి వచ్చింది.

తిరగడానికి మరో కారణం చదువు. ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్‌లో, మన క్రైస్తవులు శ్రమదినాలు అనే ఆ నలభై రోజుల్లో, విందూ వినోదమూ ఉండవు. వాయిద్యగాళ్లకు పని లేని కాలం. 14వ శతాబ్దంలో ఫ్లాండర్స్ (నేటి బెల్జియం ప్రాంతం), ఉత్తర ఫ్రాన్స్ పట్టణాల్లో ఆ రోజుల్లో మిన్‌స్ట్రెళ్ల బడులు జరిగేవి. యజమానులే సెలవూ దారిఖర్చులూ ఇచ్చి పంపేవాళ్లు. అక్కడ కొత్త పాటలు నేర్చుకునేవాళ్లు, కొత్త వాయిద్యాలు కొనుక్కునేవాళ్లు. ఒక దేశపు బాణీ ఇంకో దేశంలో మోగడానికి ఇలాంటి చోట్లు పెద్ద దారి. అన్నట్టు, వాళ్ల డోళ్లలో నేకర్స్ అనే చిన్న జంట డోళ్లుండేవి. క్రూసేడుల కాలంలో అరబ్బుల నఖ్ఖారా యూరప్ చేరి ఇలా స్థిరపడింది. మన నగారాదీ ఆ వంశమే.

మన దగ్గర దీనికి దగ్గరగా కనబడేది ఆశ్రిత కులాల వ్యవస్థ. పిచ్చుకగుంట్లు రెడ్ల గోత్రాలు, వంశావళి చెబుతారు. కూనపులివాళ్లు పద్మశాలీలకు, చిందువాళ్లు మాదిగలకు కథ చెబుతారు, ఆడతారు. వీళ్లూ తిరుగుతారు, వీళ్లకూ ఒక ఇంటి మీద హక్కు ఉంది. కానీ పోలిక అక్కడితో ఆగిపోతుంది. మనది పుట్టుకతో వచ్చే హక్కు. దాత ఒక కులం మొత్తం. ఏ ఊళ్లు ఎవరివో పంపకాలుంటాయి. ఇంగ్లండ్ మిన్‌స్ట్రెల్‌ది ఒక దొరతో కుదిరిన కొలువు. కొడుకు తండ్రి వృత్తిలోకి రావచ్చు, రాకపోవచ్చు. దొర చచ్చిపోతే బిళ్ల పోయేది.

చట్టం ఇచ్చిన నీడ, చర్చి ఇచ్చిన మినహాయింపు

బిళ్ల లేనివాడి పరిస్థితి ఏమిటో జర్మన్ నేల చెబుతుంది. 13వ శతాబ్దం తొలి సగంలో ఐకే ఫాన్ రెప్గో సంకలనం చేసిన సాక్సన్ల ధర్మశాస్త్రంలో ఎవరికి హాని జరిగితే ఎంత పరిహారం అన్న పట్టిక ఉంది. ఆటపాటల వాళ్లకు దక్కే పరిహారం: ఒక మనిషి నీడ. అంటే కొట్టినవాడు ఎండలో నిలబడితే, నేల మీద పడ్డ అతని నీడ మీద దెబ్బలు తిన్నవాడు పగ తీర్చుకోవచ్చు. కూలికి ద్వంద్వయుద్ధం చేసేవాళ్లకు ఇంకాస్త కవిత్వం జోడించారు, ఎండలో డాలు మీద పడ్డ మెరుపు ఇస్తారట. వెక్కిరింపే. ఇల్లూ వాకిలీ లేనివాడు, డబ్బుకు తన పరువు అమ్ముకున్నవాడు కాబట్టి అతనికి పరువునష్టం ఉండదని తర్కం.

చర్చి తొలినాళ్లలో ఇంతకంటే మెత్తగా ఏమీ లేదు. 12వ శతాబ్దం మొదట్లో ఒక మతగ్రంథంలో జోంగ్లర్లకు మోక్షం మీద ఆశ ఉందా అని శిష్యుడు అడిగితే, గురువు లేనే లేదంటాడు. నూరేళ్లు తిరిగేసరికి స్వరం మారింది. 1216 ప్రాంతంలో ఇంగ్లండ్‌కు చెందిన థామస్ ఆఫ్ చోబమ్, పాపాలు వినే గురువుల కోసం ఒక పుస్తకం రాస్తూ వీళ్లను విడగొట్టాడు. ఒళ్లు వంకర్లు తిప్పి సిగ్గులేని ఆటలాడేవాళ్లు ఒక రకం. దొరల ఇళ్లు పట్టుకు తిరుగుతూ అక్కడ లేనివాళ్ల మీద చాడీలు చెప్పి పొట్టపోసుకునేవాళ్లు రెండో రకం. వాయిద్యాలున్నవాళ్లు మూడో రకం. వీళ్లలోనూ తాగుడు కొట్టాల్లో పాడేవాళ్లు తప్పు, రాజుల వీరగాథలూ పునీతుల చరిత్రలూ పాడి బాధలో ఉన్నవాళ్లకు ఊరట ఇచ్చేవాళ్లను సహించవచ్చు. ఆ తర్వాత కొద్దికాలానికే ఇటలీ సన్యాసి అసిసీ ఫ్రాన్సిస్ తన శిష్యుల్ని దేవుని జోంగ్లర్లు అని పిలుచుకున్నాడు. తిట్టుగా ఉన్న మాట అంతవరకు వచ్చింది.

తెరిచి ఉంచాల్సిన గేటు

మిన్‌స్ట్రెళ్లకు ఇంగ్లండ్‌లో ఒక సౌకర్యం ఉండేది. పెద్దింట్లో విందు జరుగుతుంటే వాళ్లను గుమ్మం దగ్గర ఆపరు. ఇది ఎంత గట్టి ఆచారమో రెండో ఎడ్వర్డ్ కాలంలో జరిగిన ఒక సంఘటన చూపిస్తుంది. 1317 ప్రాంతంలో పెంతెకొస్తు విందులో రాజు కూర్చుని ఉండగా, మిన్‌స్ట్రెల్ వేషంలో ఉన్న ఒక స్త్రీ గుర్రం మీదే హాలులోకి వచ్చింది. గుర్రానికి కూడా మిన్‌స్ట్రెళ్ల పద్ధతిలో అలంకారం. బల్లల చుట్టూ ఒక చుట్టు తిరిగి, రాజు ముందు ఒక ఉత్తరం పెట్టి, వచ్చిన దారిన వెళ్లిపోయింది. రాజు విప్పి చదివిస్తే, తన తండ్రిని నమ్ముకున్న నైట్లను వదిలేసి, ఏ కష్టమూ ఎరగనివాళ్లను అందలం ఎక్కిస్తున్నాడని అందులో తిట్లు. ఎందుకు లోపలికి రానిచ్చారని ద్వారపాలకుల్ని నిలదీస్తే, పండగపూట మిన్‌స్ట్రెళ్లను ఆపే ఆచారం రాజుగారి ఇంట లేదు అన్నారు.

ఈ గేటు సౌకర్యాన్ని మిగతావాళ్లూ వాడుకున్నారు. 1315 ఆగస్టులో ఇదే రాజు ఒక ఆజ్ఞ జారీ చేశాడు. పనీపాటా లేనివాళ్లు మిన్‌స్ట్రెళ్లమని చెప్పుకుని ఇళ్లలో జొరబడి తిని తాగుతున్నారు, కాబట్టి పెద్దల ఇళ్లకు రోజుకు ముగ్గురు, మహా అయితే నలుగురు పేరున్న మిన్‌స్ట్రెళ్లు మాత్రమే పోవాలి. చిన్నవాళ్ల ఇళ్లకు పిలవందే పోకూడదు. ఇచ్చింది పుచ్చుకుని అడక్కుండా ఉండాలి. రెండోసారి తప్పితే వృత్తే మానుకోవాలి. ఇది చదివి రాజుకు కళాకారులంటే గిట్టదనుకోవద్దు. ఏడాది గుర్తుంచుకోండి. ఎడతెగని వానలతో పంటలు కుళ్లి ఉత్తర యూరప్ అంతా మహాకరువు మొదలైన ఏడాది అది. అదే ఆజ్ఞలో పెద్దల భోజనంలో ఎన్ని వంటకాలుండాలో కూడా కోత పెట్టారు.

అనుమానం ఇంకో దిక్కు నుంచి కూడా ఉండేది. ఊళ్లు తిరిగేవాడు పాటతోపాటు కబురూ మోస్తాడు. 1366లో ఐర్లండ్‌లోని ఇంగ్లిష్ పాలకులు కిల్కెనీలో చేసిన చట్టాల్లో, ఐరిష్ హార్ప్ వాళ్లూ కథకులూ ఇంగ్లిష్ వాళ్ల మధ్యకు వచ్చి గుట్టుమట్లు పసిగడుతున్నారని, వాళ్లను రానివ్వకూడదని నిషేధం పెట్టారు. 1402లో వేల్స్ తిరుగుబాటు సమయంలో అక్కడి కవుల మీద, మిన్‌స్ట్రెళ్ల మీద అలాంటిదే ఇంకో చట్టం.

సంఘం పెట్టుకున్న పాటగాళ్లు

బిళ్ల ఇచ్చే దొర లేకపోతే నలుగురూ కలిసి తామే ఒక బిళ్ల తయారుచేసుకోవచ్చు. పారిస్ వాళ్లు చేసింది అదే. 1321 సెప్టెంబరులో జోంగ్లర్ల వీధిలో ఉండే 37 మంది తమ కట్టుబాట్లు రాసుకుని నగరాధికారి ముందు పెట్టారు. వాళ్లలో ఆడవాళ్లు 8 మంది.

ఆ కట్టుబాట్లు చదువుతుంటే మన పెళ్లి బ్యాండు మేళాల మధ్య ఒప్పందంలాగే అనిపిస్తాయి. బేరానికి వచ్చినవాడి మీద ఎగబడకూడదు, అతను తనకు నచ్చినవాడి దగ్గరికి తనే పోవాలి. ఒప్పుకున్నవాడు తనకు బదులు ఇంకొకర్ని పంపకూడదు; జబ్బు చేసినా, జైల్లో పడ్డా తప్ప. విందు పూర్తయ్యేదాకా కదలకూడదు. ఈ ఒక్కో నియమం వెనక ఎన్ని గొడవలు జరిగి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఏడేళ్ల తర్వాత ఆ వృత్తికి చెందిన ఇద్దరు, దిక్కులేక బండిలో పడి ఉన్న ఒక పక్షవాతపు మనిషిని చూసి ఆ స్థలంలోనే ఆసుపత్రి కట్టాలని పూనుకున్నారట. 1331 నాటికి సంచారులైన పేద కళాకారులకు అక్కడ సెయింట్ జూలియన్ పేరుతో ఆశ్రయం ఏర్పడింది.

ఇంగ్లండ్‌లో ఈ పని రాజు చేతుల మీదుగా జరిగింది. 1469 ఏప్రిల్‌లో నాలుగో ఎడ్వర్డ్ తన మిన్‌స్ట్రెళ్లకు సంఘం పెట్టుకునే సన్నదు ఇచ్చాడు. వాళ్ల ఫిర్యాదు సూటిగా ఉంది: దున్నుకునేవాళ్లూ చేతిపనివాళ్లూ మిన్‌స్ట్రెళ్లమని చెప్పి, కొందరైతే రాజుగారి బిళ్ల కూడా పెట్టుకుని దేశమంతా డబ్బు వసూలు చేస్తున్నారు. నకిలీ బిళ్లలు పుట్టాయంటే అసలు బిళ్లకు బజారులో ఎంత విలువో తెలుస్తూనే ఉంది.

ప్రాంతీయంగా ఇంకా వింత ఏర్పాట్లున్నాయి. టట్‌బరీలో జాన్ ఆఫ్ గాంట్ అనే డ్యూక్ 1381లో మిన్‌స్ట్రెళ్లకు ఒక రాజును ఏర్పాటు చేశాడు. అక్కడ ఏటా ఆగస్టులో వాళ్ల కోర్టు జరిగేది. తర్వాతి వర్ణనల ప్రకారం కోర్టు అయ్యాక ఒళ్లంతా సబ్బు పూసి, ముక్కులో మిరియాల పొడి ఊదిన ఎద్దును వదిలేవాళ్లు. సూర్యాస్తమయంలోగా, నది దాటకముందే పట్టుకుంటే అది మిన్‌స్ట్రెళ్లది. చెషైర్ జిల్లాలో మిన్‌స్ట్రెళ్లకు లైసెన్సు ఇచ్చే హక్కు డటన్ అనే భూస్వాముల ఇంటిది. కోటలో చిక్కుకున్న దొరను చెస్టర్ సంతలోని పాటగాళ్ల మూకతో వెళ్లి విడిపించినందుకు దక్కిన హక్కని వాళ్ల కథ.

1572: ఒకే దారిలో ఇద్దరు

ఇంగ్లండ్‌లో అసలు దెబ్బ మొదటి ఎలిజబెత్ కాలంలో పడింది. 1572 చట్టం ప్రకారం ఏ బారన్‌కో అంతకంటే పెద్ద ప్రభువుకో చెందకుండా, ఇద్దరు మేజిస్ట్రేటుల లైసెన్సు లేకుండా తిరిగే నాటకాలవాళ్లు, ఎలుగుబంట్లు ఆడించేవాళ్లు, మిన్‌స్ట్రెళ్లు దేశదిమ్మరులే.

ఉదాహరణకు 1573లో ఒక సంతకు ఇద్దరు హార్ప్ వాళ్లు వస్తున్నారనుకుందాం. ఇద్దరికీ అవే పాటలు వచ్చు. మొదటివాడి దగ్గర బారన్ గారి బిళ్ల ఉంది. పట్టణ పెద్దలు అతనికి భోజనం పెట్టి, ఖాతాలో బారన్ పేరు రాసి డబ్బిస్తారు. రెండోవాడి బారన్ కిందటేడు చనిపోయాడు, కొత్త దొరకు సంగీతం పట్టదు. కానిస్టేబుల్ అతన్ని పట్టుకుంటాడు. నేరం రుజువైతే కొరడా దెబ్బలు, ఆపైన అంగుళం చుట్టుకొలత ఉన్న కాలిన ఇనుప కడ్డీతో కుడి చెవి మృదులాస్థికి కంత. తప్పించుకునే దారి ఒకటే: ఎవరైనా పరువుగల మనిషి అతన్ని ఏడాదిపాటు పనిలో పెట్టుకుంటానని ముందుకు రావాలి. మూడో హార్ప్ వాడు చెషైర్ నుంచి వచ్చాడనుకోండి. ఆ జిల్లా వరకు అతనికి భయం లేదు. డటన్ల హక్కుకు భంగం రాదని చట్టాలే మినహాయింపు ఇచ్చాయి. 1756లో ఆఖరిసారి ఆ లైసెన్సుల కోర్టు జరిగింది.

చట్టమొక్కటే వృత్తిని చంపిందనలేం. అచ్చుపుస్తకం వచ్చింది, నాటకశాలలు వచ్చాయి, సంగీతం రాసుకుని చదివి వాయించే కొత్త తరం కొలువుల్లోకి ఎక్కింది. కొందరు పట్టణ వెయిట్లుగా స్థిరపడ్డారు. మిగిలినవాళ్లు పెళ్లిళ్లలో ఫిడేలు వాయించుకున్నారు.

పర్సీకీ రిట్సన్‌కీ తగువు

మరి ఈక టోపీ పాటగాడు ఎక్కడి నుంచి వచ్చాడు? కొంత పాత కథల నుంచి. సింహహృదయుడైన ఇంగ్లండ్ రాజు రిచర్డ్ ఆస్ట్రియాలో బందీ అయినప్పుడు (1192–1194) బ్లోండెల్ అనే పాటగాడు కోటకోటకూ తిరిగి, పాట అందుకుని ఆచూకీ కనిపెట్టాడన్న కథ 1260 ప్రాంతంలో పుట్టింది. బ్లోండెల్ పేరుతో నిజంగా ఒక ట్రూవేర్ ఉన్నాడు. రాజు ఎక్కడున్నాడో మాత్రం రహస్యమేమీ కాదు, విడుదల సొమ్ము బేరాలు బాహాటంగానే నడిచాయి.

ఎక్కువ భాగం 18వ శతాబ్దపు సృష్టి. థామస్ పర్సీ అనే మతాచార్యుడు తన మిత్రుడి ఇంట్లో పనమ్మాయిలు పొయ్యి రాజేయడానికి కాగితాలు చింపుతున్న ఒక పాత రాతప్రతిని చూసి కాపాడాడు. అందులో పాత జానపద గీతాలు, కథాగేయాలు ఉన్నాయి. 1765లో వాటిలో కొన్ని అచ్చువేస్తూ మిన్‌స్ట్రెళ్ల మీద ఒక వ్యాసం జోడించాడు: వాళ్లు ప్రాచీన బార్డుల వారసులు, రాజుల మన్నన పొందినవాళ్లు, తాము కట్టిన పాటల్ని హార్ప్ మీద పాడినవాళ్లు. జోసెఫ్ రిట్సన్ అనే పరిశోధకుడు దీన్ని ఉతికి ఆరేశాడు. ఇంగ్లండ్ మిన్‌స్ట్రెల్ పాట కట్టాడనడానికి సాక్ష్యమేదీ? చట్టం చూడండి, దొంగలతో దిమ్మరులతో కలిపి రాసింది. అసలు ఆ రాతప్రతి ఉందా అని కూడా అనుమానపడ్డాడు. ఉంది, పర్సీ చనిపోయాక 1867–68లో పూర్తిగా అచ్చయింది.

ఇద్దరి చేతిలోనూ సగం సాక్ష్యమే ఉంది. పర్సీ చూసింది 1306 జాబితాలో పైవరస. రిట్సన్ చూసింది 1572 చట్టం. పాట కట్టడం విషయంలో ఇంగ్లండ్ వరకు రిట్సన్ వాదనకే బలం ఎక్కువ. అక్కడి రాజుల ఖాతాల్లో వాయిద్యగాళ్లు కోకొల్లలు, పేరుతో రచన మిగిలినవాళ్లు బహు తక్కువ. కానీ ఇంగ్లిష్ చానెల్ దాటితే ఆ వాదన నిలవదు. బ్రబాంట్, ఫ్లాండర్స్ కొలువుల్లో మిన్‌స్ట్రెల్‌గా బతికిన అదెనే లెర్వా వేల పంక్తుల కథాకావ్యాలు రాశాడు. అతని పేరు చివరి లెర్వా అంటే రాజు, మిన్‌స్ట్రెళ్ల రాజు. 13వ శతాబ్దానికే చెందిన కోలాన్ మ్యూజే ఒక కౌంటును పాటలోనే నిలదీశాడు: మీ ఇంట్లో వియెల్ వాయించాను, మీరేమీ ఇవ్వలేదు, ఇంటికి వెళ్తే నా భార్య జీను వెనక సంచీలో గాలి తప్ప ఏమీ లేదని చూసి మొహం తిప్పుకుంటుంది. సంచీ బరువుగా ఉన్న రోజునైతే చేతిలో కదురు పారేసి నవ్వుతూ ఎదురొస్తుందట, ఇంట్లో కోళ్లు కోస్తారట.

రిట్సన్ దెబ్బకు పర్సీ పూర్తిగా లొంగలేదు. తర్వాతి ముద్రణల్లో వ్యాసాన్ని పెంచి, కొత్త ఆధారాలు చేర్చాడు. తొలి నిర్వచనంలో మిన్‌స్ట్రెళ్లు తాము కట్టిన పాటలు పాడేవాళ్లని ఉన్న చోట మాత్రం తాము గానీ ఇతరులు గానీ కట్టిన పాటలు అని మార్చి అచ్చువేయించాడు.